గుహ దాకా వెళితే ఆరిపోయే ఆట

ఆ బజారు భవనంలో మెట్ల కింద ఒక గది ఉంది. దానికి మంచి పేరు లేదు.

పగలంతా ఆ పక్కనే జనం చెప్పులు బేరమాడతారు, ఫొటోలు తీయించుకుంటారు, లిఫ్టు కోసం నిలబడి ఆవలిస్తారు. చీకటి పడిందంటే మాత్రం ఆ షట్టర్ ముందు నుంచి పోవాల్సినవాళ్లు కూడా చుట్టు తిరిగి పోతారు.

లోపల పాత వీడియో గేమ్ మిషన్లు ఉన్నాయి. అన్నీ ఎప్పుడో చచ్చాయి, ఒక్కటి తప్ప. అది చుక్కల మధ్య ఓడ ఎగిరే ఆట. దాన్ని ఎవరైనా ఆడొచ్చు, ఎంతసేపైనా ఆడొచ్చు — గుహ దాకా. గుహ చివర ఇరుకు సందులోకి ఓడ వచ్చిందంటే... టప్పున ఆరిపోతుంది. ఎవరూ ముట్టుకోరు, తీగ ఎవరూ లాగరు. దానంతటదే.

ఆ ఆటల దుకాణం యజమాని తల్లి ఆ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చునేదట. ఒక సాయంత్రం కూర్చున్నది కూర్చున్నట్టే పోయిందట. ఇంకేం, ఆరిపోయిన ఆటలన్నీ ఆవిడ నెత్తిన పడ్డాయి. గోల ఆవిడకి గిట్టదని, ఎవరు గెలవబోయినా లేచొచ్చి ఆర్పేస్తుందని చెప్పుకున్నారు. బతికున్నన్నాళ్లూ ఒక్క పిల్లనీ కసిరిన మనిషి కాదు. పోయాక దెయ్యమైంది. ఎక్కడ ఏది చెడినా దగ్గర్లో ముసలమ్మ ఎవరైనా ఉందేమోనని ముందు చూసుకుంటారు కదా జనం.

ఊరందరికీ అది దెయ్యం పని. ఒక్క కెప్టెన్‌కి మాత్రం చెల్లెలి పని.

కెప్టెన్ అంటే నిజం కెప్టెన్ కాదు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆ ఓడని గుహ దాకా నడిపిన మొదటివాడని చిన్నప్పుడు పిల్లలు పెట్టిన పేరు అది. నలభై ఐదేళ్లొచ్చి, పొట్ట వచ్చి, నెత్తిన జుట్టు పోయినా ఆ పేరు పోలేదు. పోనిస్తేగా. నలుగురు కూర్చున్న చోటల్లా అదే కథ: ఇంకో అరనిమిషం ఉంటే గెలిచేవాడట, చెల్లెలు మిషన్ వెనక దూరి ప్లగ్గు పీకిందట.

ఆమె పీకలేదు. ముప్ఫై మూడేళ్లుగా ఆ మాటే చెబుతోంది. వినేవాడుంటేగా.

వెనక దూరిన మాట నిజమే. ఆ ఆటలో కొండలు కుడి పక్క నుంచి వచ్చి ఎడమ పక్కకి జారిపోతుంటాయి. జారిపోయినవి ఎక్కడికి పోతున్నాయి? ఏడేళ్ల పిల్లకి అది పెద్ద అనుమానం. మిషన్ వెనకాల కుప్పగా పడి ఉంటాయేమో చూద్దామని దూరింది. కొండలు లేవు. బూజు ఉంది, తీగలున్నాయి. సరిగ్గా అప్పుడే ఆట ఆరింది. అన్న సోడా పెట్టె మీంచి కిందికి దూకి వెనక్కి వచ్చేలోపే తెర మళ్లీ వెలిగింది. చూశారా, భయపడి మళ్లీ పెట్టేసిందన్నాడు. జడ పట్టుకుని బయటికి ఈడ్చి, అందరి ముందూ చెంప పగలగొట్టాడు.

చిన్నప్పటి గొడవ చిన్నప్పుడే పోతే బాగుండేది. పోలేదు.

చెల్లెలు పద్నాలుగేళ్లు మోటార్లకి వైండింగ్ చుట్టే దుకాణంలో పనిచేసింది. ఈమధ్యే అది మూతపడింది. అదే నెలలో కెప్టెన్ దగ్గరున్న పాత అసిస్టెంటు, కళ్లు ఆనడం లేదని మానేశాడు. లిఫ్టు పని ఒంటరిగా చేసేది కాదు. ఒకరు లిఫ్టు కింది గోతిలోకి దిగితే ఇంకొకరు పైన మెయిన్ స్విచ్ దగ్గర కదలకుండా నిలబడాలి. పొరపాటున ఎవరైనా వచ్చి స్విచ్ వేశారంటే కిందున్నవాడి పని అయిపోయినట్టే. ఆ పని నాకివ్వమని ఆమె అడిగింది. కరెంటు తెలిసిన మనిషి, పైగా తోడబుట్టింది, ఇంట్లో పొయ్యి వెలగాలి.

కెప్టెన్ పగలబడి నవ్వాడు.

"ప్లగ్గులు పీకే చేతికి నా ప్రాణం అప్పజెప్పమంటావా?"

పక్కనున్న వదిన కూడా నవ్వింది. చెల్లెలు నవ్వలేదు.

అలాంటిది ఒకరోజు ఆ బజారు భవనం లిఫ్టే మూడో అంతస్తులో బిగుసుకుపోయింది. ఆఫీసులు మూశాకే పని మొదలుపెట్టాలి. కెప్టెన్‌కి ఎవరూ దొరకలేదు. చివరికి చెల్లెలికి ఫోన్ చేశాడు — టార్చి పట్టుకోవడానికి. దానికి తెలివి అక్కర్లేదులే అని కూడా అన్నాడు. వచ్చాక, దిగేముందు, లిఫ్టు మెయిన్ బోర్డులో ఫ్యూజులు మూడూ పీకి తన చొక్కా జేబులోనే వేసుకుని బొత్తం పెట్టుకున్నాడు. ఆమె చూసింది.

పని అయ్యేసరికి పదయింది. తాళాలు తెచ్చిన వాచ్‌మన్ మాటల మధ్య చెప్పాడు, మెట్ల కింద గది ఖాళీ చేస్తున్నారని, తెల్లారితే మిషన్లన్నీ పాత సామాన్లవాడికి పోతాయని.

కెప్టెన్ అరచెయ్యి దురదపెట్టింది. గది తెరవమన్నాడు.

"వద్దు సార్..." వాచ్‌మన్ గొంతు తగ్గించాడు. "ఈ వేళప్పుడు... ఆవిడ లోపలే ఉంటుంది."

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఉన్న దెయ్యం ఇదిగో, టార్చి పట్టుకుని నా పక్కనే నిలబడింది."

షట్టర్ కీచుమంటూ లేచింది. దుమ్ము, తుప్పు, ఎలుకల వాసన. కెప్టెన్ మిషన్ వెనక్కి వెళ్లి ప్లగ్గు తనే పెట్టాడు, తనే లాగి చూసుకున్నాడు. మిషన్ గుర్రుమంది... తెర మీద చుక్కలు పాకడం మొదలుపెట్టాయి.

చెల్లెలు చూసింది. ఇంతేనా? ఆకాశం అనుకున్నది నల్లగుడ్డ మీద సున్నం చుక్కలు. శత్రువుల ఓడలు చొక్కా బొత్తాలంత ఉన్నాయి. నిప్పులు కక్కే కొండలు విరిగిన ఇటుకల్లా ఉన్నాయి. ఇందుకా నా చెంప పగిలింది, ఇందుకా నాకు కూడు లేకుండా పోతోంది అనుకుంటే నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు అది.

కెప్టెన్‌కి ఇవేమీ కనబడలేదు. చెయ్యి లివర్ మీద పడింది, నడుము వంగింది, నలభై ఐదేళ్ల మనిషి పన్నెండేళ్లవాడైపోయాడు.

"నువ్వు బయటికెళ్లి ఆ మెట్ల మీద కూర్చో. టార్చి రెండు చేతులతో పట్టుకో. నీ చేతులు నాకు ఈ తెర అద్దంలో కనబడుతూ ఉండాలి."

వెళ్లి కూర్చుంది. మిషన్‌కి ఆమెకి మధ్య పదడుగులు. రెండు మెట్లు పైన వాచ్‌మన్.

కెప్టెన్‌గారి ఓడ మొదటి కొండకే గుద్దుకుంది. లివర్ బిగుసుకుందన్నాడు. రెండోసారి బొత్తాల్లాంటి వాటికి దొరికిపోయింది. బటన్ అరిగిందన్నాడు. మూడోసారి పేలితే, టార్చి వెలుగు కళ్లలో పడుతోందన్నాడు. పేలినప్పుడల్లా ఓడ సంపాదించుకున్న ఆయుధాలన్నీ ఊడిపోయి, బోడి ఓడ మళ్లీ మొదటికొస్తుంది. ముప్ఫై మూడేళ్లుగా చెప్పుకున్న ప్రతాపం ఇదా అని చెల్లెలు మనసులోనే దులిపింది.

నాలుగోసారి చేతికి పాత విద్య గుర్తొచ్చింది. కొండలు దాటాడు. మంటలు దాటాడు. గుహ వచ్చింది.

పైనుంచి రాళ్లు, కింద నుంచి రాళ్లు... మధ్యలో దారి సన్నబడుతోంది. ఆటలో మోగే పాట వేగం పెరిగింది. కెప్టెన్ భుజాలు చెవుల దాకా లేచాయి.

"ఇక్కడే సార్..." వాచ్‌మన్ గుసగుస. "ఇక్కడే..."

ఓడ ఇరుకు సందులోకి దూరింది. ఇక పైకి లేపాలి... ఒక్కసారిగా పైకి —

టప్.

చీకటి. చప్పుడు లేదు. తెర అద్దంలో టార్చి వెలుగు మాత్రం ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ రెండు చేతులూ ఉన్నాయి.

పైన చెప్పులు టకటకా పరిగెత్తాయి. వాచ్‌మన్ పోయాడు.

"ఏమే..." కెప్టెన్ గొంతు పీలగా వచ్చింది. "నువ్వు... అక్కడే ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను."

"మరి నా దగ్గర... ఎవరున్నారు?"

చెల్లెలు టార్చి ఇంకా గట్టిగా పట్టుకుంది. దెయ్యాలంటే వెక్కిరించే మనిషే, అయినా చేతుల మీద రోమాలు లేచాయి. ఆ గదిలో అన్న తప్ప ఎవరూ లేరు. ప్లగ్గు దగ్గర ఎవరూ లేరు. మరి ఆర్పిందెవరు? ముప్ఫై మూడేళ్ల కిందట ఆర్పిందెవరు?

అన్న కదల్లేదు. బొమ్మలా బిగుసుకుపోయాడు. వెలుగు ఇటు వెయ్యమని బతిమాలాడు. కెప్టెన్ ఎవరినైనా బతిమాలడం ఆమె అప్పుడే విన్నది.

లేచి లోపలికొచ్చింది. టార్చి అతని మొహం మీద వేసింది. చెమట. చొక్కా మీద వేసింది. గుండె దడదడా ఎగురుతోంది. ఇంకా కిందికి దించింది...

అక్కడ ఆగింది. చాలాసేపు అలాగే చూసింది.

అన్న కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో మోకాలు పైకి లేచి, మిషన్ బటన్ల కింది పలకకి గట్టిగా ఆనుకుని ఉంది. ఆ సంగతి అతనికే తెలియదు.

"అన్నయ్యా," అంది మెల్లిగా, "కాలు దించు."

అర్థంకాకుండానే దించాడు. తెర భగ్గున వెలిగింది. ఆట మొదటి పాట మొదలైంది. కెప్టెన్ కెవ్వుమని వెనక్కి గెంతాడు.

"దగ్గరికి రా. ఇందాకటిలా కాలు ఎత్తు."

"దేనికే?"

"ఎత్తు."

మోకాలు పలకకి తగిలింది. చీకటి. దించమంది. వెలుగు. మళ్లీ ఎత్తమంది. చీకటి.

ఇక అడగలేదు. మిషన్ వెనక్కి వెళ్లి, అన్న చూస్తుండగా, ప్లగ్గు పీకింది. ఆ ప్లగ్గు ఆమె పీకడం అదే మొదటిసారి.

తిరిగొచ్చి పలక కింద చెయ్యి పెట్టి తడిమింది. పద్నాలుగేళ్లు తీగలు చుట్టిన వేళ్లు, వెతికే పని లేకుండానే దొరకబుచ్చుకున్నాయి. ఎప్పటిదో తీగ అతుకు, టేపు ఊడి వేలాడుతోంది. మోకాలు పొడిస్తే విడిపోతుంది, దించితే కలుసుకుంటుంది. ఓడ పైకి లేవాలంటే ఆడేవాడి మోకాలూ పైకి లేస్తుంది మరి. అప్పుడు సోడా పెట్టె ఎక్కి ఆడేవాళ్లు. పెట్టె మీది పిల్లల మోకాలూ సరిగ్గా అక్కడికే అందుతుంది. గుహ దాకా వచ్చిన ప్రతివాడూ తన ఆట తనే ఆర్పుకున్నాడు. తిట్లు మాత్రం చచ్చిపోయిన ముసలామెకి. చెంపదెబ్బ ఏడేళ్ల పిల్లకి.

అతుకు పట్టుకుని చూపిస్తూ ఇదంతా చెప్పింది. కెప్టెన్ వంగి చూశాడు. తన మోకాలి వంక చూసుకున్నాడు, ఎవరిదో అన్నట్టు.

"రేపు ఆస్పత్రి లిఫ్టు ఉంది," అన్నాడు చివరికి, నేల చూస్తూ. "నేను గోతిలోకి దిగుతాను. పైన... మెయిన్ దగ్గర నువ్వుండు."

"ఉంటాను. ముందు ఫోన్ తీసి వదినకి చెప్పు. ఆ రోజు ఆట ఎవరు ఆర్పారో."

"ఇప్పుడా? నిద్రపోతుంటుందే."

"లేపు," అంది.