మేనేజరు మొరిగే గేటు

మా వీధి చివరి మలుపులో ఒక ఖాళీ ఇల్లుంది. అందులో ఎవరూ ఉరేసుకోలేదు. ఏ రాత్రీ అక్కణ్ణుంచి ఏడుపు వినబడలేదు. ఆ ఇంటికి చెడ్డపేరు తెచ్చినవి కుక్కలు.

వీధిలో పెంపుడు కుక్కలు ఆరున్నాయి. ఆరూ ఆ గేటు దగ్గరికి రాగానే ఆగిపోయేవి. మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. పళ్లు బయటపెట్టి, తుప్పు పట్టిన ఊచల వెనక చీకట్లోకి మొరిగేవి. మనిషి కంటికి ఆననిదేదో కుక్కకు కనబడుతుందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్లం. ఆరు సాక్ష్యాలు చాలవూ?

అందుకని మాలో ఒక అలవాటు స్థిరపడిపోయింది. గేటు ఇంకా మూడిళ్ల దూరంలో ఉందనగానే తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, కుక్కను ఈడ్చుకుంటూ దాటేసేవాళ్లం. నేనూ అంతే. చదువుకున్నవాణ్ణి కనుక మూడు చుట్లు.

ఇక చెప్పబోయేది మందుల షాపావిడ నాకు బీపీ మాత్రలు కత్తిరించి ఇస్తూ, నవ్వాపుకోలేక మధ్యమధ్య ఆగుతూ చెప్పిన సంగతి.

ఆవిడ కుక్క పేరు మేనేజరు. తాను ఏ పనీ చెయ్యదు, చేసేవాళ్లను మాత్రం కూర్చుని చూస్తుంది. అందుకని ఆవిడ భర్త ఆ పేరు పెట్టాడు. ఆయన బస్సు కండక్టరు. పోయిన నెల ఒక రాత్రి ఆ గేటు దగ్గర మేనేజరు ఒక్క గుంజు గుంజింది. తాడు మణికట్టుకు చుట్టుకుని ఉందేమో, ఆవిడ బోర్లా పడింది. ఎముక చిట్లి చేతికి కట్టు పడింది.

మర్నాడు కండక్టరు తీర్పు చెప్పేశాడు. కోళ్లఫారం నడిపే స్నేహితుడు తెల్లవారి ఆరింటికి వ్యాను పంపుతాడు. మేనేజరు అందులో ఎక్కుతుంది.

"దెయ్యాన్ని చూసి మొరిగితే నన్ను కాపాడినట్టే కదండీ?" అందిట ఆవిడ.

"కాపాడటమంటే చెయ్యి విరగ్గొట్టడమా? ఈ లెక్కన రేపు ప్రాణం కూడా కాపాడేస్తుంది."

ఆ సాయంత్రమే కండక్టరు పిన్ని పొరుగూరి నుంచి దిగింది. ఇరవై రెండేళ్లపాటు జనానికి కారు నడపడం నేర్పిన మనిషి. గేటు సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చీకటి పడ్డాక దాని మాట ఎత్తకూడదని ఆ ఇంట్లో నియమం.

రాత్రి తొమ్మిదిన్నర. మందుల షాపావిడ ఒంటిచేత్తో కుక్క గిన్నె కడిగి, అది పడుకునే గోనెపట్టా మడిచి, కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

మేకుకు తాడు లేదు.

మేనేజరు లేదు... గుమ్మంలో పిన్నిగారి చెప్పులూ లేవు.

"ఏవండీ... అత్తయ్య దాన్ని తీసుకుని బయటికెళ్లారు."

"ఎటు?"

ఎటో చెప్పనక్కర్లేదు. మా వీధికి ఉన్నది ఒక్కటే దారి.

టార్చి పట్టుకుని ఇద్దరూ పరిగెత్తారు. మలుపులో దీపం వెలగడం లేదు. ఇద్దరూ చెవులు రిక్కించారు. మొరుగుడు వినబడితే బావుండును, బతికి ఉన్నారని తెలిసేది. ఏమీ వినబడలేదు. ఇన్నేళ్లలో ఆ మలుపులో అంత నిశ్శబ్దం వాళ్లెప్పుడూ ఎరగరు.

గేటు... తెరిచి ఉంది.

లోపల, మెట్టు మీద, తెల్లగా ఏదో కూర్చుని ఉంది. దాని ముందు నల్లగా ఇంకేదో వెల్లకిలా పడి ఉంది — నాలుగు కాళ్లూ ఆకాశంలోకి లేపి, కదలకుండా.

"అయిపోయింది," అన్నాడు కండక్టరు.

తెల్లది చెయ్యెత్తింది... మెల్లగా కిందికి దించింది... నల్లదాని పొట్ట గోకింది. తోక టపటప నేలకేసి కొట్టుకుంది.

"ఒరేయ్, ముందు ఆ టార్చి నా మొహం మీంచి తియ్యి," అంది తెల్లది.

పిన్ని! చలేసి దుప్పటి కప్పుకుందట. మోకాళ్లు నొప్పెడితే, కూర్చోడానికి మెట్టు కనబడి గేటు తోసుకుని వచ్చిందట.

మందుల షాపావిడ ఒక్క అంగలో వెళ్లి తాడు అందుకుంది. బాగున్న చెయ్యి తనంతట తానే రెండు చుట్లు చుట్టేసుకుంది.

మేనేజరు లేచింది. నోరంతా తెరిచి ఆవులించింది, నిద్ర వచ్చి కాదు, కంగారుకి. తల తిప్పి ఆవిడ మొహంలోకి ఒక్క క్షణం చూసింది. అంతే — వెంట్రుకలు నిక్కాయి, గేటు ఊచలు అదిరేలా ఇంట్లోకి మొరిగింది!

దంపతులిద్దరూ ఎగిరి వెనక్కి పడ్డారు. పిన్ని కదల్లేదు. ఆవిడ ఇంటివైపు చూడటం లేదు. కోడలి చేతివైపు చూస్తోంది.

"అమ్మాయ్, ఆ చుట్లు విప్పు."

"అత్తయ్యా, లోపల..."

"లోపల దోమలున్నాయి. అరగంట నుంచీ కుట్టించుకుంటున్నాను కదా, నాకు తెలీదూ? నువ్వు తాడు బిగించావు. ఏముందక్కడ అని అది నిన్ను అడిగింది. ఉందని నీ మొహం చెప్పింది. పాపం, నీ మాట నమ్మింది."

"మరి తక్కిన ఐదు కుక్కలో?" అన్నాడు కండక్టరు.

"వాటికీ యజమానులు ఏడిశారు కదరా! కారు నేర్చుకునేవాళ్లూ ఇంతే. గుద్దేస్తామేమోనని స్టీరింగ్ బిగించి పట్టుకుని స్తంభం వంకే చూస్తారు. బండి తిన్నగా దాని దగ్గరికే పోతుంది. స్తంభంలో దెయ్యముంటుందా?"

ఆవిడ తాడు తీసి కండక్టరు చేతిలో పెట్టింది. "వీధిలోకి వెళ్లి, ఈ గేటు ముందు నుంచి నువ్వే దాటించు. రెండు వేళ్లతో పట్టుకో. గేటు వంక చూడకు, నీ బస్సు స్టాపులు చెప్పుకుంటూ నడు. మొరిగిందా, పొద్దున్నే నా చేత్తో నేనే వ్యానెక్కిస్తాను. మొరగలేదా, నోరు మూసుకుని ఇంట్లో ఉంచుకో."

కండక్టరు మొదలుపెట్టాడు. "పాత బస్టాండు..." గొంతు వణికింది. మేనేజరు తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. మందుల షాపావిడ కళ్లు మూసుకుంది.

"ఆసుపత్రి... నూలు మిల్లు..." రెండో స్టాపుకు గొంతు కుదురుకుంది. నాలుగోదానికి ఉద్యోగం పూనింది. "కాలేజీ, కాలేజీ! దిగేవాళ్లు ముందుకు రండి! చిల్లర చేత్తో పట్టుకోండి!"

మేనేజరు తల దించుకుంది. గేటు స్తంభాన్ని తాపీగా వాసన చూసింది. ఇన్నేళ్లుగా వీధినంతా వణికించిన ఆ స్తంభం మీదికి కాలెత్తి, పని కానిచ్చి, ముందుకు సాగిపోయింది.

ఇది విన్నప్పటి నుంచీ నేనొకటి ఆలోచిస్తున్నాను. ఆ కుక్కలు చీకట్లోకి చూస్తున్నాయనుకున్నాం. అంతకుముందు ఒక్క క్షణం అవి మా మొహాలు చదివేవి. ఆ క్షణాన్ని మేమెవరమూ గమనించలేదు. మొట్టమొదట బిగుసుకున్న చెయ్యి ఎవరిదో ఇక తేలదు. నాదే కావచ్చు.

కండక్టరు ఆ రాత్రే, ఆ మలుపులోనే నిలబడి, కోళ్లఫారం స్నేహితుడికి ఫోను చేశాడట.

"ఒరేయ్, పొద్దున వ్యాను పంపకు."

"ఏం, కుక్క పోయిందా?" అన్నాడట అవతలివాడు, నిద్రమత్తులో.

"దానికేం, నిక్షేపంలా ఉంది. దెయ్యం పట్టింది నాకురా."