చదవని ఆరో కట్ట

అరకు కొండల్లో దసరా సెలవులంటే ఊరున్న పిల్లలకి పండగ, ఊరు లేని పిల్లకి శిక్ష. 2003లో ఆ శిక్ష సుజానాకి పడింది. పదో తరగతి. తల్లి లేదు. తండ్రి జాకబ్ ఇంటికి తాళం వేసి, రోడ్డు పనికి ఒరిస్సా పోయి ఏడాదయింది. మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఇరవై నాలుగు ఇనప మంచాలుంటే, ఆ సెలవుల్లో ఒక్క మంచం మీదే దుప్పటి ఉంది. తోడుకి వంటమనిషి దేముడమ్మ.

పోతూ పోతూ సత్యకుమారి టీచరు జాలిపడి ఒక నవల చేతిలో పెట్టింది. 'వెన్నెలకోన గురుకులం', రెండో భాగం. అట్ట చూడగానే సుజానా దాన్ని బోర్లా తిప్పేసింది.

మొదటి భాగం సుజానా తన పక్కమంచం నేస్తం భానుతో కలిసి చదివింది. మంత్రాలు నేర్పే గురుకులం, చెరువు అడుగున గదులు, ఇంద్రనీల అనే పేదపిల్ల, ఆమెని ప్రేమించిన రాజుగారబ్బాయి శరధి. ఇద్దరి మధ్యా తలుపు మూసుకుపోయి, అవతల నుంచి శరధి గొంతు వినిపిస్తున్న చోట కథ అన్యాయంగా ఆగిపోయింది. "రెండోది వొచ్చీదాకా నాను బతకనే!" అని భాను మంచం మీద పడి దొర్లింది. నిజంగానే బతకలేదు. ఆగస్టులో మెదడు జ్వరం వచ్చి, మూడు రోజుల్లో ఎవరికీ మాట చెప్పకుండా పోయింది.

అప్పటినుంచి సుజానాని పలకరించేవాళ్ళు లేరని కాదు. తిన్నావా, లెక్కలు చేశావా అని అడిగేవాళ్ళు బోలెడుమంది. ఇంద్రనీల ఏమైపోతుందోనని తనతో పాటు బెంగ పెట్టుకునే మనిషే లేదు. ఆ లోటు ఎవరికి చెప్పినా నవ్వుతారని ఆ పిల్ల నోరు విప్పలేదు.

ఆ హాస్టల్లో నవల చదవడానికి ఒక పద్ధతుంది. పుస్తకం ఒకటి, చదివేవాళ్ళు ఆరుగురు. అందుకని బ్లేడుతో కుట్టు కోసి ఆరు కట్టలు చేస్తారు. కుడి చివర కిటికీ పక్క మంచం భానుది, మొదటి వంతు ఆమెదే. తర్వాత సుజానా. సుజానాకి ఎడం పక్కన సోఫియా. అలా వరస. చదివేసిన కట్ట పక్కవాళ్ళకి ఇచ్చేయాలి, దాచుకోకూడదు. చదవని కట్ట మాత్రం ఎవరూ లాక్కోకూడదు. ఈ రెండు మాటలూ తప్పిన పిల్ల ఆ హాస్టల్లో లేదు. ముందు చదివే భాను ఏడుపు చోట ముక్కు ఎగబీల్చేది, ముద్దుల చోట దుప్పట్లో కిసుక్కుమనేది. రాబోయే కథ సుజానాకి ఆ ఊపిరిలోనే తెలిసిపోయేది.

శుక్రవారం మధ్యాహ్నం దేముడమ్మ సంచీ తీసుకుని సంతకి బయల్దేరింది.

"మంచు దిగిపోతన్నాది గుంటా, తలుపేసుకో. పొద్దుగూకీలోగా వొచ్చీస్తాను."

మూడయ్యేసరికి మంచు కిటికీ దాకా వచ్చేసింది. ముందు గేటు కనపడకుండా పోయింది, తర్వాత కాఫీ తోట, ఆఖరికి వాకిట్లో బోరింగు కూడా. రేకుల మీద చుక్కలు ఆగి ఆగి పడుతున్నాయి. ఆరని దుప్పట్ల ముక్కిన వాసన, చల్లారిన పొయ్యి వాసన. కరెంటు పోయింది. సుజానా కిరసనాయిలు దీపం వెలిగించి, బ్లేడు తెచ్చి, కొత్త పుస్తకం కుట్టు కోసింది.

ఒక్కతే చదువుకునే పిల్ల పుస్తకం కోయడమెందుకు? చేతి అలవాటు. కోసింది సరే, ఆరు కట్టలూ తీసుకెళ్ళి కిటికీ పక్క మంచం మీద పెట్టింది. "నువ్వే ముందు సదువే," అంది. అని, నవ్వుకుంది, కాస్త ఏడ్చుకుంది. పోయినవాళ్ళకి ముద్ద పెట్టినట్టు పెట్టింది పాపం. వంతు ఇస్తే వరస మొదలవుతుందని ఆ వెర్రిదానికి తట్టలేదు.

కాసేపు ఆగి మొదటి కట్ట తెచ్చుకుంది. పేజీల మూలలు మెత్తగా ఉన్నాయి. ఇప్పనూనె వాసన. భాను తలకి రాసుకునే నూనె. కొత్త పుస్తకానికి ఈ వాసనేటి అనుకుంటూనే చదివేసి, అలవాటుగా ఎడం పక్క సోఫియా మంచం మీద పడేసింది. రెండో కట్ట కోసం లేవబోయింది.

అది తన దిండు మీదే ఉంది.

కుడి పక్కన కాగితం తిరిగిన చప్పుడు. కాసేపటికి, దుప్పట్లోంచి వచ్చినట్టు, కిసుక్కుమని నవ్వు.

మీరూ నేనూ అయితే తలుపు బద్దలుకొట్టుకుని పరిగెత్తేవాళ్ళం. సుజానాకి సంతోషం వేసింది. ఆకలి రుచెరగదంటారు, ఒంటరితనం భయమెరగదని ఎవరూ సామెత కట్టలేదు గానీ. తల తిప్పితే పోతుందేమోనని తిప్పకుండా, మెల్లగా అడిగింది.

"బాగుందేటే?"

"ఊఁ..."

కళ్ళనీళ్ళు అక్షరాల మీద పడుతుంటే తుడుచుకుంటూ చదివింది. రెండు నెలల తర్వాత కుడి పక్కన ఊపిరి ఉంది. అది ముక్కు ఎగబీలిస్తే తనూ ముందే దిగులుపడింది. రెండో కట్ట, మూడో కట్ట అయిపోయాయి. నాలుగోది సగంలో ఉండగా ఆ ఊపిరి ఆగింది.

"సుజీ..."

"ఏటే?"

"నెమ్మదిగా సదువే. అయిపోతే నాను ఎల్లిపోవాల."

"అయితే సదవనే."

"నువ్వాగినా... నీ ఎనకున్నది ఆగదు."

"నా ఎనకెవరున్నారే? సోఫియా ఊరెల్లిపోనాది కదే?"

 సుజానా ఎడం పక్కకి చూసింది. సోఫియా మంచం మీద పెట్టిన మూడు కట్టలూ లేవు. మంచం ఖాళీ. ఆ ఖాళీలో పేజీలు తిరుగుతున్నాయి. బేగి బేగి. భాను కంటే బేగి. అంత వేగంగా మనుషులు చదవరు...

నాలుగోది అయిందో లేదో చేతిలోంచి జారిపోయింది. ఐదోది పట్టి పట్టి చదివింది. అదీ పోయింది. దిండు మీద ఆరో కట్ట పడింది. చెవి దగ్గర గుసగుస.

"ఇది నాను సదవనేదు. నువ్వూ సదవకు. సదవనన్నాళ్ళు నీ కాడే ఉంతాను."

ఎడం పక్క నుంచి ఇంకో గొంతు. పిల్లదీ కాదు, ముసలిదీ కాదు.

"ఇయ్యి."

సుజానా కట్టని గుండెకి హత్తుకుంది.  హాస్టల్ పిల్ల కదా, ఆ పద్ధతి మాటే నోటికొచ్చింది.

"నానింకా... సదవనేదు."

ఎడం పక్క మంచం స్ప్రింగులు ఒక్కసారి కిర్రుమన్నాయి. అంతే. అది పోలేదు. కూర్చుంది.

దేముడమ్మ టార్చిలైటుతో వచ్చి, "ఓలమ్మ, రాయిలా కూకున్నావేటే గుంటా, జొరమా?" అని నుదురు చూసింది. ఆమెకి ఏ మంచం మీదా ఎవరూ కనపడలేదు.

తర్వాతి తొమ్మిది రోజులూ ఆ కట్ట సుజానా ఒంటిని వదల్లేదు. స్నానానికి వెళ్తే తలుపు సందులో పెట్టుకుని, చూపు తిప్పకుండా నీళ్ళు పోసుకునేది. సాయంత్రం కాగానే కుడి పక్కన ఇప్పనూనె వాసన, కబుర్లు. ఎడం పక్కన స్ప్రింగుల కిర్రు. ఉన్నమాట చెప్పాలి, ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్ల సుఖంగానే ఉంది. జీవితమంతా చదవకుండా ఉండలేనా అనుకుంది. ఒక్క పుస్తకమే కదా.

సోమవారం పొద్దున్న హాస్టల్ తెరిచారు. ఎండ కాసింది. ట్రంకుపెట్టెల మోత, జంతికల డబ్బాలు, అరుపులు. సోఫియా పెట్టె గుమ్మంలోనే పడేసి పరిగెత్తుకొచ్చింది.

"ఒలే సుజీ! రెండో భాగం మా పిన్నింట్లో దొరికినాదే! సదివీసేను!"

 "సెప్పకే! నీకు దండం పెడతాను, సెప్పకే!" అని సుజానా రెండు చేతులతో చెవులు మూసేసుకుంది. కట్ట ఒళ్ళో పడింది.

వద్దంటే ఊరుకునే వయసా అది? సోఫియా నవ్వుతూ, చెవి దగ్గరకి వంగి, చేతుల సందులోంచి వినపడేలా అరిచింది.

"ఇంద్రనీల తలుపు తీసేస్తాదే! తీస్తే ఏటనుకున్నావు? ఇన్నాళ్ళూ అవతల్నించి మాటాడింది శరధి కాదే!"

సుజానా కళ్ళు మూసుకుంది. వినేసింది, ఇంక చదివేసినట్టే. ఎడం పక్కన స్ప్రింగుల చప్పుడు ఆగిపోయింది.

సోఫియా నవ్వు కూడా ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"సుజీ... నీ సేతులు రెండూ సెవుల మీదున్నాయి కదే..."

సుజానా చెవుల మీద చేతులు ఇంకా గట్టిగా అదుముకుంది.

"కిటికీ మంచం మీంచి వొచ్చి... నీ ఒళ్ళో పుస్తకం తీత్తన్న ఆ సెయ్యి ఎవులదే?"