కొత్తూరు జంక్షన్‌లో రెండు పచ్చదీపాలు

ఇంజనీరు సత్యారావు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు, చోడవరం మెయిన్ రోడ్డు మీద, రెండు వందలమంది చూస్తుండగా చనిపోయాడు. బస్సుల కోసం కొత్తగా వేసిన లేన్‌ని అతను టేపుతో కొలుస్తున్నాడు. హెల్మెట్ పెట్టుకున్న ఒకడు బైక్ మీద అతన్ని రాసుకుంటూ పోయాడు. సత్యారావు మెడ తడుముకున్నాడు, కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు. జనం గుండెపోటన్నారు. పోస్ట్‌మార్టంలో మెడ మీద సూది గుచ్చిన గుర్తు కనిపించింది.

ఆ ఉదయం అతను నిఘా విభాగం ఏజెంట్ జాబేజ్‌కి రెండుసార్లు ఫోన్ చేశాడు. జాబేజ్ మీటింగులో ఉండి రెండుసార్లూ ఎత్తలేదు.

"సత్యారావు మన ఇన్‌ఫార్మర్ అని ఎవరెవరికి తెలుసు?" సాయంత్రం విశాఖ ఆఫీసులో చీఫ్ దుర్గాదేవి అడిగింది.

"మీకు, నాకు. ఇంకా రెజీనాకి. సిగ్నల్ బాక్సులు అమ్మే విదేశీ కంపెనీలో కన్సల్టెంట్‌గా మనం పెట్టిన మనిషి కదా మేడమ్."

దుర్గాదేవి ల్యాప్‌టాప్ తెరిచింది. స్క్రీన్ మీద మ్యాప్ వేసింది.

"శనివారం బస్ కారిడార్ ట్రయల్ రన్. బస్సు దగ్గరికి రాగానే దానికి పచ్చదీపం, అడ్డదారికి ఎర్రదీపం పడుతుంది. ఆ దీపాలు మార్చే కంట్రోలర్ బాక్సుల వెనక 'ఆర్కిడ్' ముఠా ఉంది. అవే బాక్సులు రేపు ముప్పై నగరాలకు వెళ్తాయి. చోడవరం వాళ్లకు శాంపిల్."

"శాంపిల్ అంటే?"

"ఒక్క కోడ్ పంపి రెండు దారులకూ ఒకేసారి పచ్చదీపం వేస్తారు. ఆ కోడ్ కొనుక్కునేవాడు ఎక్కడో కూర్చుని లైవ్‌లో చూస్తాడు."

"ట్రయల్ ఆపేద్దాం మేడమ్."

"ఆపితే ముఠా మాయమవుతుంది. బాక్సులు ఇంకో పేరుతో వస్తాయి. కోడ్ పంపేవాడు చేతికి చిక్కాలి."

"బస్సు నిండా జనం ఉంటారు!"

"అందుకే నిన్ను పంపుతున్నాను."

ఆ మాట జాబేజ్‌కి ధైర్యం ఇవ్వలేదు. నాలుగు రోజులు అతనికి అన్నం సయించలేదు.

శనివారం తొమ్మిదిన్నరకు అతను చోడవరం కొత్తూరు జంక్షన్‌లో ఆరంజి జాకెట్ వేసుకుని, వాహనాలు లెక్కపెట్టే సర్వే మనిషిలా నిలబడ్డాడు. చేతిలో నొక్కుడు మీటర్. దాని లోపల స్కానర్ ఉంది. సిగ్నల్ బాక్సుకి బయటి నుంచి ఏ ఆజ్ఞ వచ్చినా అది వణుకుతుంది. లాడ్జి మేడల మీదా, బడ్డీల వెనకా మఫ్టీ పోలీసులు కాపు కాశారు.

తెల్ల కారు ఆగింది. నల్ల కళ్లజోడు, మంచుతెలుపు చీర, ఎర్రటి హై హీల్స్. టీ కొట్టు ముందు మాటలు ఆగిపోయాయి. రెజీనా నేరుగా అతని దగ్గరికి వచ్చింది.

"మాడుగుల హల్వా దొరుకుతుందా ఇక్కడ?" ఫారిన్ యాసతో అడిగింది.

"నెయ్యి తక్కువది దొరుకుతుంది." గుర్తుమాట సరిపోయింది. జాబేజ్ గొంతు తగ్గించాడు. "సత్యారావు పేరు సోమవారం రాత్రి నీ ఫోన్ నుంచే బయటికి వెళ్లింది. ఇందాకే రిపోర్టు వచ్చింది."

ఆమె కళ్లజోడు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఫారిన్ యాస ఎటు పోయిందో, నోట్లోంచి సొంతూరు చీడికాడ భాష వచ్చింది.

"పేరొక్కటే సెప్పేను. బెదిరించి ఒగ్గేస్తారనుకున్నాను. సంపేస్తారని నాకేటి తెలుసు?"

"ఎందుకు చెప్పావు?"

"నామీద అనుమానం వచ్చింది ఆళ్లకి. ఆడో, నేనో అన్నట్టైపోయింది." ఆమె కళ్లు ఎదుటి లాడ్జి వైపు తిరిగాయి. "మూడో అంతస్తు, చివరి కిటికీ. ఆ బైకోడే. కోడ్ పంపేది ఆడే."

జాబేజ్ కాలర్ మైకులో రెండు ముక్కలు చెప్పాడు. అప్పుడే చేతిలో మీటర్ వణికింది.

కోడ్ వెళ్లిపోయింది.

మాడుగుల బస్సు కొత్త లేన్‌లో వేగంగా వస్తోంది. అడ్డదారిలో చెరకు లారీ, లోడు తాడు తెగేలా ఊగుతూ వస్తోంది. రెండింటికీ పచ్చదీపమే.

"క్యాన్సిల్ కోడ్!" అరిచాడు జాబేజ్, బాక్సు తలుపు లాగుతూ.

"ఏడు, ఏడు, సున్నా, నాలుగు!" రెజీనా అరిచింది.

అతను నొక్కాడు. మళ్లీ నొక్కాడు. బాక్సు పట్టించుకోలేదు. ఆమెను నమ్మడం మానేసిన రోజే ముఠా కోడ్ మార్చేసింది.

లారీ డ్రైవరుకి బ్రేకు వేసే ఆలోచనే లేదు. పచ్చదీపం ఉండగా ఎందుకు వేస్తాడు? జాబేజ్ చెయ్యి లోపలికి దూర్చి ఫ్యూజు పట్టుకుని లాగాడు. నిప్పు రవ్వలు ఎగిశాయి. అరచెయ్యి కాలింది. జంక్షన్‌లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

దీపం లేని జంక్షన్ చోడవరం డ్రైవర్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎదుటివాడిని నమ్మకూడదు, హారన్ కొట్టాలి, బ్రేకు తొక్కాలి. ఇద్దరూ అదే చేశారు. టైర్లు కీచుమన్నాయి. బస్సు అద్దానికి మూరెడు దూరంలో చెరకు గడలు ఊగి ఆగాయి.

లాడ్జి మెట్ల మీద బైకువాడి చేతులు వెనక్కి విరిచి దించుతున్నారు. రెజీనా పారిపోలేదు. బాక్సు పక్కన కింద కూర్చుండిపోయింది.

"సత్యారావు ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగింది.

"భార్య, ఇద్దరు ఆడపిల్లలు."

"నేనెళ్లి సెప్పుకోవాలి."

"నేనూ వెళ్లాలి" అన్నాడు జాబేజ్. కాలని చేత్తో ఆమెకు బేడీ వేశాడు.

బస్సు కిటికీలోంచి ఒక ముసలామె తల బయటపెట్టింది. ఒళ్లో కూరగాయల బుట్ట. పక్కనున్నావిడ "అప్పలమ్మా, ఊరుకోయే" అంటున్నా వినలేదు.

"ఏటి బాబూ, బస్సులు బేగి ఎల్డానికి ఏరే రోడ్డేసేరన్నారు కదా? మాడుగుల నుంచి సక్కా వచ్చేను. మీ కొత్త రోడ్డెక్కేకే ఆగిపోనాది! పావుగంట లేటు!"

జాబేజ్ కాలిన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ట్రయల్ కదమ్మా."

ఆ రాత్రి అతను రాసిన రహస్య నివేదిక పదకొండు పేజీలు. చివరి పేజీలో ఒకే వాక్యం ఉంది: ప్రయాణికుల ఫిర్యాదు సమంజసమే.