యాపిల్స్ అమ్మిన గురువారం

సెప్టెంబర్ ఒకటిన, బడి తెరిచిన రోజునే, నర్సు లుద్వికా వచ్చి తిమోన్ కొట్లోంచి తీపి బన్నుల ట్రే దించేసింది.

"కొత్త నిబంధన. చాక్లెట్లు, చిప్స్, సోడాలు కూడా తీసెయ్యండి."

"మరేం అమ్మమంటారు, సుద్దముక్కలా?"

"యాపిల్స్, క్యారెట్లు, మంచినీళ్లు."

"పిల్లలు కొంటారా నర్సు గారూ?"

"ఆ మొహం పెట్టుకుని అమ్మితే కొనరు."

బడి మెట్ల కింద ఉన్న ఆ కొట్టు తల్లి తర్వాత తిమోన్‌కి వచ్చింది. అతను నవ్వుతూ అమ్మి చూశాడు. పిల్లలు రోడ్డు దాటి ఎదుటి కొట్లో బన్నులు కొనుక్కొచ్చి అతని ముందే తిన్నారు. రోజూ ఒక యాపిల్ మాత్రం లుద్వికా కొనేది.

"జాలితోనా?" అనడిగాడు ఒకరోజు.

"ఆకలితో." యాపిల్ కొరికి చెప్పింది. "చక్కెర జబ్బుతో మా నాన్నకి కాలు తీసేశారు. అందుకే నా చాదస్తం. మీ మీద కోపం కాదు."

జనవరికల్లా, ఆమె రాని రోజున అతనికి బడి విరామం గడిచినట్టే ఉండేది కాదు.

ఈస్టర్ ఉపవాసాల ముందు వచ్చే గురువారం నాడు ఊరంతా పోంచ్కి తింటుంది. నూనెలో వేయించి, జామ్ నింపిన బన్నులవి. తెల్లవారకముందే బేకరీల ముందు జనం వరసలు కట్టారు. తిమోన్ వెళ్లలేదు. తుడిచిన యాపిల్స్ పేర్చి కూర్చున్నాడు.

రెండో విరామంలో లుద్వికా తెల్ల కోటు లేకుండా వచ్చింది.

"ఒక పోంచ్కి ఇవ్వండి."

"నన్ను పరీక్షిస్తున్నారా? వెతుక్కోండి, ఒక్కటి కూడా దొరకదు."

"ఇవాళ కూడానా?"

"మీ మాట దాటలేదు."

ఆమె మొహం చిన్నబోయింది. "ఇవాళ ఏ నర్సయినా చూడనట్టే ఉంటుందండీ. చెరిసగం తిందామని కోటు గదిలో వదిలేసి వచ్చాను."

తిమోన్ కౌంటర్ వైపు చూస్తూ చెప్పాడు. "కొట్టు తాళాలు ఇచ్చేస్తానని ఇవాళ పొద్దున్నే బడికి రాసిచ్చాను. సోమవారం ఎక్కడో దూరాన గ్దీనియా ఓడరేవులో పనికి చేరాలి."

"నాతో చెప్పలేదే."

"మీ వల్లే మూతపడిందనుకుంటారని."

"నా వల్లే కదా."

"కాదు. మీరొక్కరు కొంటే చాలనుకున్నాను. ఒక్కరు కొంటే కొట్టు నడవదు."

గంట మోగింది. పిల్లలు తరగతుల్లోకి పరిగెత్తారు. లుద్వికా కదలలేదు.

"నేను రాలేను. నాన్నకి సూది నేనే వెయ్యాలి."

"నేనింకా అడగలేదు."

"అడక్కండి. అడిగితే కాదనలేను."

తిమోన్ అడగలేదు.