వెనక గదిలో తిరిగొచ్చే ఫైళ్లు

పాల్వంచ దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద, ఇండ్లు అయిపోయి అడివి మొదలయ్యే కాడ మా ఆఫీసు. కిరాయి ఇల్లు. ఆ ఇంటి వెనక గదికి మంచి పేరు లేదు. నేను కండ్లార చూడలే... మా సీనియర్ రాజ్యశ్రీ అక్క చెప్పిందే చెప్తున్న. నవ్వేటోళ్లు నవ్వుకోండ్రి, నాకేం పోదు.

మేము లారీల బరువు తూచే కాటాలకు ప్రోగ్రామ్‌లు రాస్తం. వాటిని కట్టేది, అంటే కాటాల నడిచేటట్టు తయారు చేసేది, వెనక గదిలున్న కంప్యూటర్, మేము మిషన్ అంటం. కట్టేటప్పుడు అది తనంతట తానే వేల ఫైళ్లు పుట్టిస్తది. మళ్లీ కట్టే ముందు వాటిని తుడిచెయ్యాలె, మా మాటల ఊడ్చెయ్యాలె. లేకుంటే పాతవి కొత్తదాంట్ల కలిసి కాటా తప్పు బరువు చూపిస్తది.

పగలు ఊడిస్తే పోతయ్. చీకటి పడ్డంక ఊడిస్తే... తిరిగొస్తయ్! జయప్రకాశ్ అనేటాయన ఒక్కసారి చూసిండు. తెల్లారి నుంచి ఆఫీసుకు రానే లేదు.

మహిమ చేరి అప్పటికి పది రోజులే. కొత్తగూడెం పిల్ల. ఆ రోజు పొద్దుగాలనే మా ఓనరు వెంకటరామారావు సారు ఖమ్మం పోతూ ఆమెకు ఒక పని చెప్పిండు.

"సత్తుపల్లి కాటా తప్పు చూపిస్తోంది. రాత్రి తొమ్మిదిలోపు సరిచేసి పంపించాలి. లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా."

తప్పు దొరికి, సరిచేసేసరికే ఎనిమిదయ్యింది. అందరూ ఐదింటి బస్సుకే పోయిండ్రు. బయట సన్నగ వాన... వెనక గదిల మహిమ ఒక్కతే.

ఊడ్చింది. ఫైళ్లు సున్నా. హమ్మయ్య అనుకుంది. మళ్లీ చూస్తే — నాలుగు వేల మూడు వందల పన్నెండు!

మళ్లీ ఊడ్చింది. సున్నా. రెప్ప కొట్టకుండ చూస్తనే ఉంది... నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

"యేసయ్యా..." అన్నది. లేచి ఉరుకుదామంటే నౌకరీ పోతది. సెల్లుకు సిగ్నల్ లేదు. గోడకున్న ఆఫీసు ఫోను తీసి సారుకు కలిపింది. గదిలున్నదేందో వింటదేమోనని గొంతు పూర్తిగ తగ్గించింది.

"సార్... ఊడ్చినయన్నీ... తిరిగొస్తున్నయ్..."

అవతల సారు ఒక్కసారే అరిచిండు —

"ఊడ్చావా? దీపాలు పెట్టాక ఊడ్చావా? ఎవరది?"

మహిమ ఫోను చెవికి దూరం పెట్టింది.

"ఇంట్లో చెత్తయినా మిషన్లో చెత్తయినా పొద్దుగుంకాక ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుంది! అందుకే ఆరు దాటాక ఎవరు ఊడ్చినా అన్నీ మళ్లీ తెచ్చి పెట్టమని రాజ్యశ్రీ చేత మిషన్‌కి రాయించా, ఎవరికీ చెప్పొద్దన్నా. ఊడ్చినవాళ్లకి నా ఆఫీసులో ఉద్యోగం లేదు. ముందు పేరు చెప్పు!"

మహిమ టక్కున ఫోను పెట్టేసింది.

భయం పోయింది. దాని జాగల కోపమొచ్చింది. గుండె ఆగినంత పనయ్యింది దీనికోసమా! పంపకుంటే నౌకరీ పోతది, ఊడిస్తే కూడా నౌకరీ పోతది, ఏం చెయ్యాలె? గంట ఎనిమిదిన్నర.

అయితే ఆరయ్యిందని మిషన్‌కు చెప్పేదెవరు? దాని గడియారమే కద! మహిమ ఆ గడియారాన్ని పొద్దున పదింటికి తిప్పింది. ఊడ్చింది. సున్నా. ఊపిరి బిగబట్టి చూసింది... సున్నానే. జల్దీ జల్దీ కట్టి, సత్తుపల్లికి పంపి, రాత్రి ముందుగాల ఊడ్చినట్టు మిషన్‌ల పడ్డ గుర్తులు తీసేసి, గడియారం సరిచేసి, తాళమేసి ఇంటికి పోయింది.

తెల్లారి సారు రుసరుసలాడుకుంట వచ్చిండు. వచ్చుడుతోటే మిషన్‌ల రాసున్న వేళలు చూసిండు. ఊడ్చింది పొద్దున పదింటికి. పంపింది పదింబావుకు. సారు మొఖం తెల్లబోయింది.

"మహిమా... నిన్న ఎప్పుడెళ్లావమ్మా?"

"ఐదింటికే పోయిన సార్. పని పొద్దుగాలనే అయిపోయింది కద."

"అందరూ వెళ్లిపోయారా?"

"అవ్ సార్. తాళం నేనే వేసిన."

సారు చుట్టూ ఒకసారి చూసి మెల్లగ అడిగిండు.

"మరి రాత్రి ఎనిమిది దాటాక... ఈ ఫోన్ నుంచి... నాతో మాట్లాడిందెవరు?"

మహిమ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. కండ్లు పెద్దగ చేసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఆడమనిషా సార్?"

సారు తలూపి, ఉన్నకాడనే కూలబడ్డడు.