రెండు వేల మీటర్ల పైన

ఏజెంట్ రేటోది ప్రమాదం కాదు, హత్య. ఆ సంగతి స్విస్ నిఘా విభాగంలో ఇద్దరికే తెలుసు: చీఫ్ కాస్పర్‌కి, ఏజెంట్ ఫ్లూరిన్‌కి. పదకొండేళ్ళు జంటగా పనిచేసినవాణ్ణి మంచులోంచి తవ్వి తీసి నాలుగు రోజులైనా ఫ్లూరిన్‌కి ఏడుపు రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కినట్టుంది, అంతే.

"ఎనిమిది నలభైకి రైలు రేటోని పాతేసిన వాలు కిందుగానే వెళ్తుంది. డెబ్బై మంది. అందులో ఒకడు విదేశీ ముఠా గుట్టు విప్పబోయే సాక్షి," అన్నాడు కాస్పర్ వైర్‌లెస్‌లో. "అందర్నీ పాతేసి, మంచు చరియ విరిగిందంటారు."

"కుదురుతుందా?"

"అక్టోబర్ మంచు అడుగున పంచదారలా పొడిపొడిగా ఉండిపోయింది. దానిమీద నిన్న మూడడుగులు పడింది. పట్టు లేదు. చిన్న బాంబు చాలు. పైన లదీనా ఉంటుంది, ఆర్నెల్లుగా మన మనిషే, పక్క లోయ పిల్ల. కోడ్ అడుగు."

మంచు కొలిచేవాడి వేషంలో ఫ్లూరిన్ కొండపై గుడిసె చేరేసరికి ఎనిమిదిన్నర. అంత చలిలోనూ లదీనా పెదాలు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అడుగున ఏముంది?" అన్నాడు.

"పంచదార."

కోడ్ సరిపోయింది. ఆమె ఫ్లాస్కులోంచి కాఫీ ఒంపింది. "తీసుకోండి. మీరు బాగా వణుకుతున్నారు."

ఫ్లూరిన్ కప్పు అందుకోలేదు. రెండు వేల మీటర్లు దాటితే ఆ కొండల్లో మంత్రినైనా, మామగారినైనా 'నువ్వు' అనే అంటారు. పక్క లోయ పిల్లకి అది ఉగ్గుపాలతోనే వస్తుంది.

కింద రైలు కూత వేసింది. ఆమె జేబులోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పబోయింది. పెదాలకి రంగు ఉండనే ఉంది; అది బాంబు రిమోట్! ఫ్లూరిన్ ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. కానీ దాన్ని లాక్కోబోతే, మొద్దుబారిన తన వేళ్ళు మూత తిప్పేస్తున్నాయో లేదో అతనికే తెలియడంలేదు. ఇంకేం చేస్తాడు, లిప్‌స్టిక్‌ని పళ్ళతో కరిచి లాగేశాడు.

రైలు సొరంగంలోకి దూరింది.

"ఎలా పట్టేశావ్?"

"మర్యాద ఎక్కువైంది నీకు. రేటోని చంపింది నువ్వేనా?"

"అది నా డ్యూటీ."

కోపం వస్తుందని చూశాడు. రాలేదు. బేడీలు వేసి కిందికి నడిపించాడు.

దారిలో 'రెండు వేలు' అని రాసిన రాయి దగ్గర వేళ్ళలోకి నెత్తురు తిరిగొచ్చి మంట మొదలైంది. దాంతోపాటే రేటో నవ్వు గుర్తొచ్చింది. ఫ్లూరిన్ బావురుమన్నాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, రాయి దాటి, గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, మీరు అరెస్టయ్యారు."