గోరువెచ్చని నీళ్ల గిన్నె

ప్రసన్న కుర్చీ అంచున కూర్చుని బల్ల మీదికి చూసింది.

ఎదురుగా పళ్లెంలో అప్పడాల్లాంటి పల్చని తెల్లని రేకులు ఉన్నాయి. పక్కన సన్నగా తరిగిన క్యారెట్, కీరా, పుదీనా, ఉడికించిన రొయ్యలు. మధ్యలో పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీళ్లు. ఏది ముందో ఏది తర్వాతో ఆమెకు తెలియదు.

అది దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా తెరిచిన వియత్నాం హోటల్. అరుణశ్రీ పుట్టినరోజని వాళ్లమ్మ కౌసల్య ఆమెనూ, తమ్ముడు శ్రవణ్‌నూ, ప్రసన్ననూ తీసుకొచ్చింది.

ప్రసన్న వాళ్లు ఊరి నుంచి ఎల్బీనగర్‌కు ఈ వేసవిలోనే వచ్చారు. కొత్త బళ్లో ఆమెకున్న ఒక్కగానొక్క నేస్తం అరుణశ్రీ. ఆమె ముందు నవ్వులపాలైతే ఇక ఎవరి పక్కన కూర్చోవాలి? ఊరిపిల్ల అంటారన్న భయంతోనే క్లాసులో సార్ "అర్థమైందా?" అనగానే, అర్థం కాకపోయినా, అందరికంటే ముందు తలూపేస్తుంది.

బయల్దేరేటప్పుడు అమ్మ ఒకటే చెప్పింది. "తెల్వకుంటే పక్కోళ్ల పళ్లెం చూడు బిడ్డా. వాళ్లెట్ల తింటే నువ్వట్ల తిను."

ప్రసన్న పక్కకు చూసింది. అరుణశ్రీ ఏదీ ముట్టుకోవడం లేదు. కౌసల్య ఫొటోలు తీస్తూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. సరూర్‌నగర్‌లో బాబాయి బిర్యానీ తినిపించినప్పుడు, చివర్లో చేతులు కడుక్కోమని ఇలాంటి నీళ్లే ఇచ్చారు. ఇక్కడ ముందే ఇస్తారు కాబోలు!

ప్రసన్న దర్జాగా రెండు చేతులూ గిన్నెలో ముంచి కడుక్కుంది. వెంటనే అరుణశ్రీ ముంచింది. శ్రవణ్ మోచేతుల దాకా ముంచాడు. కౌసల్య కూడా గాజులు పైకి జరుపుకుని ముంచింది. అమ్మయ్య, అనుకుంది ప్రసన్న.

అంతలో వడ్డించే అతను వచ్చి గిన్నెలోకి చూశాడు. ఆ నీళ్లు చేతులకు కాదని, రేకుల్ని అందులో తడిపి, మెత్తబడ్డాక కూరముక్కలు పెట్టి చుట్టుకోవాలని మెల్లగా చెప్పాడు.

ప్రసన్న చెవులు వేడెక్కాయి. తను నోరు మెదపకపోతే ఎవరూ ఏమీ అనరు. కానీ శ్రవణ్ బిక్కమొహం వేసుకుని తడి చేతులు చూసుకుంటున్నాడు.

"సారీ ఆంటీ. నాకు తెల్వదు. తెల్సినట్టు చేసిన," అంది, తల దించుకుని.

కౌసల్య పకపకా నవ్వింది. "నాకు మాత్రం తెల్సా? నువ్వు గంత ధీమాగ ముంచేసరికి, ఈ పిల్లకు తెల్సినట్టుంది అని నేనూ ముంచిన."

"నేను గూడ నీ దిక్కే చూస్తున్ననే, ఎప్పుడు మొదలువెడ్తవా అని," అంది అరుణశ్రీ.

"నేనైతే అప్పడం అనుకుని కొరికిన," అని శ్రవణ్ పంటికి అతుక్కున్న ముక్క చూపించాడు.

ప్రసన్న గుండె మీంచి బండ దింపినట్టయింది. ఇంతసేపూ నలుగురూ ఒకరి పళ్లెం ఒకరు చూసుకుంటున్నారన్నమాట!

కొత్త నీళ్లు వచ్చాయి. ప్రసన్న చుట్టిన మొదటి రేకు చినిగి రొయ్యలన్నీ ఒళ్లో పడ్డాయి. ఈసారి ఆమె కూడా నవ్వింది.

సోమవారం లెక్కల క్లాసులో రామమోహనరావు సార్ భిన్నాలు చెప్పి, డస్టర్ అందుకుని, "అర్థమైందా?" అన్నారు.

తలలన్నీ ఊగాయి. ప్రసన్న పక్కకు చూసింది. అరుణశ్రీ ఆమెనే చూస్తోంది.

ప్రసన్న చెయ్యెత్తింది.

"సార్, నాకు అర్థం కాలే. జర ఇంకోసారి చెప్తరా?"

పక్కన అరుణశ్రీ చెయ్యి లేచింది. వెనక బెంచీల్లో ఒక్కొక్కటే మరికొన్ని లేచాయి.

సార్ డస్టర్ పక్కన పెట్టి, సుద్దముక్క తీసుకున్నారు.